ఇస్త్రీ – 12

పోయిన నెల ఇల్లు మారాం. అటక మీద నుంచి దింపిన అట్టపెట్టెల్లో ఒకదాంట్లో, పాత చార్జర్ల చిక్కుముడి కింద, అరచేతిలో పట్టేంత నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి దొరికింది. మొదటి పేజీ తిప్పగానే ఎవరి రాతో తెలిసిపోయింది. "26-1-2012, గురువారం. రాజమండ్రి స్టేషన్. టీ 4 × 5 = 20." సామాను సర్దడం మానేసి ఆ పెట్టె మీదే కూర్చుండిపోయాను. మా ఆవిడ రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు, అదింకా భయం.

మేం నలుగురం. అసలు పేర్లు రాస్తే ఊరుకోరు కాబట్టి హాస్టల్లో పెట్టుకున్న పేర్లే రాస్తాను. లెక్కల మాస్టారు పాఠాలు చెప్పే మాస్టారేం కాదు, మెస్ బిల్లులో రెండు రూపాయలు తేడా వస్తే నిద్రపోని మనిషి. పొడుగు కడపవాడు, ఏ బండెక్కినా కాళ్లు పట్టవని చెప్పి ముందు సీటు కొట్టేసే రకం. రాజమండ్రి అంటే రాజమండ్రి వాడే, అంతకన్నా మంచి పేరు మాకు తట్టలేదు. నాలుగోవాణ్ణి నేను. నా పేరు ఇక్కడ అనవసరం.

అప్పటికి అందరం హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో కుదురుకున్నాం. ఎవరికీ పెళ్లి కాలేదు. ఆ ఏడాది రిపబ్లిక్ డే గురువారం పడింది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి. బుధవారం రాత్రి గౌతమి ఎక్కి తెల్లారేసరికి రాజమండ్రిలో దిగడం, మావాడి బావగారి కారు తీసుకుని మారేడుమిల్లి, సీలేరు, చింతపల్లి, లంబసింగి, అరకు చుట్టేసి ఆదివారం సాయంత్రం వైజాగ్ మీదుగా కిందికి దిగడం, హైవే పట్టుకుని అర్ధరాత్రికి కారు అప్పగించేయడం. ఈ ప్లాన్‌లో వైజాగ్‌కి మేమిచ్చిన వాటా ఒక్క భోజనం. అది కూడా కుదిరితేనే.

బావగారు తాళాలిస్తూ ఒకే ఒక్క మాట చెప్పారు. "కొండల మీద క్లచ్ మీద కాలేసి కూర్చోకండయ్యా, నేను ఇంకేమీ అనను." ఆయన ఆ మాట అంటున్నప్పుడు పొడుగు కారు వెనక బ్యాగులు సర్దుతున్నాడు. విన్నాడా లేదా అన్నది ఇప్పటికీ వివాదమే.

కొండల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫొటోలన్నీ అక్కడివే, కానీ నేను రాయాలనుకున్నది వాటి గురించి కాదు. మారేడుమిల్లి దగ్గర ఒక బడిలో జెండా వందనం జరుగుతోంది. ఆగి నిలబడితే మాక్కూడా తలో చాక్లెట్ ఇచ్చారు. "చాక్లెట్లు – ఫ్రీ" అని నోట్‌బుక్‌లో ఉంది. దాని కిందే "బొంగు చికెన్ – 240". మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చారు. చుక్క నూనె లేదు. బొంగు పైన నల్లగా మాడిపోయింది, లోపల కూర మాత్రం పొగ వాసనతో మెత్తగా ఉంది. ఆ రాత్రి సీలేరులో, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే తెలిసినాయన క్వార్టర్‌లో పడుకున్నాం. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద తిరగొద్దని చెక్‌పోస్టు దగ్గర పోలీసులు గట్టిగానే చెప్పారు. ఏజెన్సీలో అప్పటి రోజులు వేరు.

మర్నాడు చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట పడింది ఇక్కడి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. చిన్నప్పుడు పరీక్షకి బట్టీపట్టిన ఊళ్ల పేర్లు మైలురాళ్ల మీద కనబడుతుంటే పొడుగు ఒక్కొక్కటీ గట్టిగా చదివాడు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, ఆ అడవిలో, నడిచి. మేం కారులో ఒక్క రోజుకే నడుములు పట్టేశాయని ఏడుస్తున్నాం. ఇప్పుడు చింతపల్లి ఆయన పేరు పెట్టిన జిల్లాలోనే ఉంది, ఆ జిల్లా 2022లో పాడేరు కేంద్రంగా వచ్చింది. మేం వెళ్లినప్పుడు అది విశాఖ జిల్లాయే.

శనివారం తెల్లవారుజామున లంబసింగి. ఊరివాళ్లు దాన్ని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట పడుకుంటే పొద్దుటికి మనిషి కొర్రలా, అంటే కట్టెలా బిగుసుకుపోతాడట. ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. అప్పట్లో అక్కడ గుడారాలూ లేవు, జనమూ లేరు. ఒక పాకలో టీ కాచే ముసలమ్మ పొయ్యి చుట్టూ నలుగురం గొంతుక్కూర్చున్నాం. "టీ 4 × 5", దాని కింద మళ్లీ "టీ 4 × 5", దాని కింద మళ్లీ.

పాడేరు ఘాట్‌లో మొదటిసారి కాలిన వాసన వచ్చింది. స్టీరింగ్ దగ్గర పొడుగు. "ఎక్కడో కాఫీ గింజలు వేయిస్తున్నారు, వాసన చూడండ్రా" అన్నాడు. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. నమ్మాం. అరకులో కూడా వచ్చింది. అక్కడైతే కాఫీ వాసన రావడం న్యాయమే కదా, మళ్లీ నమ్మాం. ఆదివారం బొర్రా గుహలు చూసుకుని అనంతగిరి ఘాట్ దిగుతుంటే ఇంజిను అరుస్తోంది కానీ బండికి పట్టులేదు. అప్పుడు ఎవరూ కాఫీ ఊసెత్తలేదు.

శృంగవరపుకోట దాటాక సెకండ్ గేర్‌లోనే లాక్కొచ్చాం. కొత్తవలస, పెందుర్తి, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు. ఫ్లైఓవర్ రాకముందు ఆ జంక్షన్ ఎలా ఉండేదో చూసినవాళ్లకి తెలుసు. నాలుగు దిక్కుల నుంచీ బస్సులు, లారీలు, షిఫ్టు దిగిన జనం. సరిగ్గా దాని నడిమధ్యలో కారు ఆగిపోయింది. హారన్లు. పొడుగు స్టీరింగ్ పట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు. మిగతా ముగ్గురం దిగి తోశాం. ఎవరో ఆటో దిగొచ్చి చెయ్యేశాడు, చొక్కా మీద పాల డిపో పేరున్న ఇంకో కుర్రాడు సైకిల్ స్టాండేసి వచ్చాడు. మర్రిపాలెం వైపు అరకిలోమీటరు తోసుకెళ్తే ఒక మెకానిక్ షెడ్డు.

ఆయన కారు చుట్టూ కూడా తిరగలేదు. వాసన చూశాడంతే. "క్లచ్ ప్లేటు పోనాది బాబూ. ఇంకేటేటి పోనాయో ఇప్పితేగానీ తెల్దు." ఎప్పటికవుతుందని అడిగాం. "ఇయేల ఆదివారం. సామాను దొరకదు. రేపిప్పుతాను, ఎల్లుండి పట్టుకెళ్లిపోండి."

"రేపు ఆఫీసు ఉందండీ" అన్నాడు లెక్కల మాస్టారు, అదేదో ఆయనకి సంబంధించిన విషయమైనట్టు.

"ఆఫీసు ఎక్కడికీ పోదు కదేటి" అన్నాడు మెకానిక్, చేతులు తుడుచుకుంటూ.

ఆ రాత్రి మూడు ఆఫీసులకి మూడు జ్వరాలు, ఒక ఆఫీసుకి మేనత్త సీరియస్. మేనత్త నాది, ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. బావగారికి ఫోన్ చేసే పని మాత్రం రాజమండ్రి వాడిదే. మేం కొంచెం దూరంగా నిలబడ్డాం. "చెప్పాను" అన్న ఒక్క మాట ఫోన్లోంచి మా వరకూ వినబడింది.

డాబాగార్డెన్స్‌లో ఒక లాడ్జి. "రూము 900, ఎక్స్‌ట్రా పరుపు 100." రెండో అంతస్తు. కిటికీ తీస్తే పక్క హోటల్ వంటిల్లు వెనక భాగం. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ గ్రైండర్ మొదలయ్యేది. మొదట ఒట్టి రాళ్ల చప్పుడు, పప్పు పడగానే బరువైన గరగర, కాసేపటికి పిండి మెత్తబడుతూ ఉంటే అదే ఒక మూలుగులా సన్నగిల్లిపోయేది. మొదటి రోజు తిట్టుకుంటూ లేచాం. రెండో రోజు అది ఆగాక మెలకువ వచ్చింది.

ఆదివారం రాత్రి భోజనం చేసి బీచ్‌కి నడిచాం. నాలుగు రోజులుగా ఎటు చూసినా కొండ అడ్డం. బీచ్ రోడ్డు మలుపు తిరగ్గానే చూపుకి ఆనేది ఏదీ లేకుండా పోయింది. చీకటి, తెల్లటి నురగ గీత, దూరంగా పోర్టులోకి వెళ్లడానికి వరస కోసం లంగరేసుకున్న ఓడల దీపాలు. పొడుగు పదకొండు లెక్కపెట్టాడు. నాకు పన్నెండు వచ్చాయి. లెక్కల మాస్టారు రెండుసార్లు లెక్కపెట్టి, ఒకటి కదులుతోందనీ దాన్ని ఇప్పుడే కలపకూడదనీ తీర్పిచ్చాడు. ఎవరి కాళ్లూ నీళ్లదాకా వెళ్లలేదు. ఆర్.కె.బీచ్‌లో కెరటం పైకి మామూలుగానే కనబడుతుంది, కిందనుంచి లాగేస్తుంది. ఆ మాట ఆ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇసుకలో కూర్చుని, అటు డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లటి ముద్దలా సముద్రంలోకి తోసుకొచ్చి ఉంటే, దాని మీద లైట్‌హౌస్ వెలుగు తిరిగినప్పుడల్లా ఒకసారి చూసి మళ్లీ మాటల్లో పడిపోయేవాళ్లం.

సోమవారం పదిన్నరకి లేచాం. ఇది రాయడానికి తేలిక. కానీ నాలుగు రోజులు అలారం పెట్టుకుని, తెల్లారకముందే లేచి, "సూర్యోదయం మిస్సవుతాం లేవండ్రా" అని ఒకణ్ణొకడు తన్నుకున్న మనుషులకి పదిన్నర అంటే ఏంటో ఎలా చెప్పను? పక్క హోటల్లోనే పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి. తిన్నాక టీ. టీ తాగాక ఇప్పుడేం చేద్దామని ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇంకో టీ చెప్పాం.

ఊరికే ఉంటే బాగోదని సబ్‌మెరైన్ చూద్దామన్నాన్నేను. కుర్సురా. రష్యాలో కట్టింది, 1969లో నేవీలోకి వచ్చింది, 2001లో రిటైరైంది. ఆ మర్నాటి ఏడాది దాన్ని ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. తొంభై మీటర్ల పైచిలుకు పొడవున్న ఇనుప సొరచేప రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది. ఎండలో నడుచుకుంటూ వెళ్తే గేటుకి తాళం. కాపలా ఆయన కుర్చీలోంచి లేవకుండానే "సోమారం సెలవు బాబూ" అన్నాడు. మాకన్నా ఎక్కువ సంతోషపడ్డవాడు పొడుగు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలని ఎవరో చెప్పారట, పొద్దుణ్ణుంచీ అదే బెంగ.

దాంతో విహారయాత్ర మీద ఉన్న ఆ కాస్త భక్తి కూడా తీరిపోయింది. రోడ్డు దాటి బీచ్ పిట్టగోడ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనానికి లేచాం, మళ్లీ నాలుగింటికి వచ్చి కూర్చుని రాత్రి పదకొండింటికి లేచాం. నోట్‌బుక్‌లో ఆ పేజీ చూడాలి. కొండల్లో రోజుకి రెండేసి పేజీలు: డీజిల్, పంక్చరు, టార్చి సెల్లులు, దుప్పటి అద్దె, గైడు. సోమవారానికి వచ్చేసరికి: "టీ 20. మురీ 60. టీ 20. మొక్కజొన్న 40. టీ 20. మురీ 60. టీ 20." అంతే. చూస్తుంటే ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది.

ఆ మురీ దగ్గర పెద్ద గొడవైంది. మాకు మరమరాలు, పొడుక్కి బొరుగులు. బండాయనకి రెండూ కాదు, మురీ. ఒడిశా పక్కనే కాబట్టి ఆ మాట అటునుంచే వచ్చి ఉంటుందని నేను నా పాండిత్యం చూపించాను. "ఏదో ఒకటి, ముందు కలపనివ్వండి" అన్నాడాయన. అల్యూమినియం గిన్నెలో మురీ పోసి, ఉల్లిపాయ, టమాటా చేతిలోనే సన్నగా తరిగి వేసి, వేయించిన వేరుశనగలు, కారం, పైన నిమ్మకాయ పిండి, గరిటెతో గిన్నె అంచుకి టకటకా కొట్టుకుంటూ కలిపేవాడు. కాగితం పొట్లంలో పోసి చెంచా బదులు ఒక అట్టముక్క గుచ్చి ఇచ్చేవాడు. రెండు నిమిషాల్లో తినాలి. మూడో నిమిషానికి సముద్రపు గాలికి మెత్తబడిపోతుంది. పొడుగు మొదటిది మాటల్లో పడి మెత్తబెట్టుకున్నాడు. రెండోదానికి నోరు మూసుకుని తిన్నాడు. మాకు ఆ పూట దొరికిన ప్రశాంతత అదే.

అంతసేపు ఏం మాట్లాడుకున్నామో చెప్పమంటే పది మాటలు కూడా గుర్తులేవు. రాజమండ్రి వాడు ఉద్యోగం మానేసి ఊరెళ్లి నర్సరీ పెడతానన్నాడు. కడియం పక్కన పుట్టినవాడు అనే మాటే కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. పొడుగు వాళ్ల నాన్న గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టి ఆపేశాడు. మేమూ అడగలేదు. కాసేపయ్యాక తనే మళ్లీ అందుకున్నాడు. కారులో నాలుగు రోజులు భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నాం కదా, అక్కడ ఇవేవీ రాలేదు. కారులో అంతా ముందు చూపే. ఎక్కడ ఆగాలి, ఎంత దూరం, మ్యాపు ఎవడి దగ్గరుంది. గోడ మీద కూర్చుంటే దాటాల్సిన ఊరే లేదు.

మంగళవారం భీమిలి. ఇది పొడుగు పట్టుదల. బస్సులో సముద్రం పక్కనే గంట ప్రయాణం, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, కిటికీలోంచి అన్నీ దాటుకుంటూ పోయాం, ఒక్కదగ్గర కూడా దిగలేదు. భీమిలి పాత ఊరు. డచ్చివాళ్లు వ్యాపారం చేసిన రేవు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయింది. ఈ సంగతులన్నీ అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన చెప్పారు. మేం అడగలేదు, నలుగురు కుర్రాళ్లు ఖాళీగా కనబడితే ఆయనకి ఆగలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఆ గెడ్డ చూశారేటి, గోస్తనీ, ఇక్కడే సముద్రంలో కలుస్తాది" అన్నారు.

గోస్తనీ! రెండు రోజుల క్రితం బొర్రా గుహల్లో గైడు టార్చి వేసి కింద చీకట్లోకి చూపించిన నీళ్లు అవే. ఆ కొండల్లో పుట్టి, ఆ సున్నపురాయి గుహల్లోంచి దూరి, తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి ఇక్కడికి వస్తుంది. మేమూ ఆ కొండ మీద నుంచే దిగాం, మేమూ ఎన్‌ఏడీ దగ్గర ఆగిపోయాం. పొడుగు వెళ్లి ఆ నీళ్లలో చెప్పులు విప్పి నిలబడ్డాడు. నది అక్కడ ఇసుక మేటల మధ్య వెడల్పుగా, లోతు లేకుండా, ఎటు పోవాలో తొందర లేనట్టు ఉంది. సముద్రం వైపు నుంచి ఒక కెరటం వస్తే కొంచెం వెనక్కి తగ్గేది, మళ్లీ ముందుకి. ఒడ్డున ఒకామె వలలోంచి చిన్న చిన్న కవ్వళ్లు ఏరి బుట్టలో వేస్తోంది. కాకి ఒకటి ఆమె ఏమరుపాటు కోసం చూస్తోంది. ఆ కాకికి ఒక చేప దొరికేదాకా మేం అక్కడే ఉన్నాం. నోట్‌బుక్‌లో భీమిలికి బస్సు టికెట్లు తప్ప ఖర్చు లేదు.

మూడింటికి తిరిగొచ్చి షెడ్డుకి ఫోన్ చేస్తే, ప్రెజర్ ప్లేటు కూడా పోయిందనీ అది సాయంత్రానికి వస్తుందనీ, బండి రేపు పొద్దున్నకేననీ చెప్పాడు. ఆదివారం ఇదే మాట అని ఉంటే టెన్షన్‌తో చచ్చేవాళ్లం. "సరేనండీ, నిదానంగా చెయ్యండి" అన్నాడు లెక్కల మాస్టారు. ఆయనే! మా జ్వరాలన్నీ ఒకరోజు పొడిగించుకున్నాం. ఆ సాయంత్రం ఏటీఎంకి వెళ్లొస్తానని మాస్టారు బయటికెళ్లి రెండు గంటల దాకా రాలేదు. లైను పెద్దదట. మేం ముగ్గురం గోడ మీద మా చోట కూర్చుని ఓడలు లెక్కపెట్టాం. ఆ రోజు తొమ్మిదే ఉన్నాయి.

బుధవారం పొద్దున్న షెడ్డులో కారు కడిగి మరీ పెట్టాడు. "క్లచ్, లేబర్ – 4800." దాని పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో: "పొడుగు? చర్చించాలి." హైవే ఎక్కి అనకాపల్లి, తుని దాటాక రాజమండ్రి వాడు క్లచ్ మీద కాలు పెట్టే అలవాటు గురించి మొదలెట్టాడు. పొడుగు అసలా కారు ఇచ్చినప్పుడే సగం అరిగి ఉందన్నాడు. వాడు మా బావనంటావా అన్నాడు. లెక్క నేను తేలుస్తాను, హైదరాబాద్ వెళ్లాక అందరికీ మెసేజ్ పెడతాను అని నోట్‌బుక్ లాక్కుని జేబులో పెట్టుకున్నాను. ఇదిగో, అటక మీద నుంచి ఇప్పుడు దిగింది.

వైజాగ్‌కి ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను. అదే ఏడాది ఆగస్టులో లెక్కల మాస్టారి పెళ్లికి వెళ్లాం, అమ్మాయి వాళ్లది వైజాగే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాళ్ల మావగారింటికి ఫోన్లు కలవక మాస్టారు మూడు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత వెళ్తే కైలాసగిరి మీద, యూనివర్సిటీలో, రోడ్ల వెంట చెట్లు లేని వైజాగ్‌ని గుర్తుపట్టడం కష్టమైంది. మొన్నామధ్య పిల్లల్ని తీసుకెళ్లి ఎట్టకేలకు కుర్సురా లోపలికి దూరాను. దానికి ఎదురుగా ఇప్పుడు టీయూ-142 విమానం కూడా పెట్టారు, 2017 నుంచి. పిల్లలకి అరగంటలో రెండూ అయిపోయాయి, తర్వాతేంటి నాన్నా అన్నారు. గోడ మీద కూర్చుందామన్నాను. ఎందుకూ అన్నారు.

పెట్టె మీద కూర్చుని నోట్‌బుక్ చివరి పేజీల దాకా వచ్చాను. మంగళవారం పేజీ. "బస్ 4. టీ 20. టీ 20. మురీ 45." అంటే మూడు పొట్లాలు, మేం ముగ్గురం తిన్నవి. మాస్టారు లేకపోయినా వచ్చాక అడిగి రాసుకున్నాడన్నమాట. దాని పైన ఒక లైను, కొంచెం వంకరగా, తొందరలో రాసినట్టు: "ఇస్త్రీ – 12."

ఇస్త్రీ ఎవరికి? ఆ ట్రిప్పులో మా బట్టలు ఎలా ఉండేవో నాకు తెలుసు. ఆరు రోజులకి రెండు చొక్కాలు, సీలేరు దుమ్ము, లంబసింగి పొగ, కారు తోసిన చెమట. లాడ్జి బకెట్లో ఉతికి ఫ్యాన్ కింద ఆరేసుకున్న మనుషులం. డబ్బులిచ్చి ఇస్త్రీ చేయించుకోవాల్సిన అవసరం, అదీ మంగళవారం సాయంత్రం, ఎవరికొచ్చింది?

ఆ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. "ఈ పన్నెండు రూపాయలు ఎవరివిరా?" అని.

పొడుగు డల్లాస్‌లో అర్ధరాత్రి అయినా వెంటనే రాశాడు: "నాది కాదు. క్లచ్ గురించి మాత్రం అడగొద్దు." రాజమండ్రి వాడు నర్సరీలో ఉన్నాడట, నిజంగానే పెట్టాడు, మట్టిచేతుల ఫొటో పంపించి "నాకు ఇస్త్రీ అనే మాటే తెలియదు" అన్నాడు. లెక్కల మాస్టారు చూశాడు. రెండు టిక్కులూ నీలం అయ్యాయి. గ్రూపులో ఎవరు గుడ్ మార్నింగ్ పెట్టినా నిమిషంలో బొటనవేలు చూపించే మనిషి, పొద్దుణ్ణుంచి రాత్రిదాకా ఉలుకూ పలుకూ లేదు.

ఏటీఎం లైను గుర్తొచ్చింది. రెండు గంటలు. ఆగస్టులో పెళ్లి గుర్తొచ్చింది. పెద్దవాళ్లు కుదిర్చిన సంబంధమని, మే నెలలో పెళ్లిచూపుల్లోనే మొదటిసారి చూశానని, అప్పుడు మాకు చెప్పిందీ గుర్తొచ్చింది.

నేనింకేమీ రాయలేదు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. మాస్టారి మెసేజ్.

"పన్నెండు కాదు, పదిహేను ఇచ్చాను. మూడు రూపాయలు చిల్లర లేదన్నాడు. మా ఆవిడకి ఆ ఫొటో పంపకు, అడిగితే నేను చెబుతాను."